హీరో అల్మరాలో నా పుస్తకాలు

పుస్తకాన్ని కెమెరా ముందు వాసన చూడమన్నాడు మా ప్రోగ్రామ్ హెడ్. ఛానల్‌కి కొత్తగా వచ్చాడు, వయసులో నాకంటే బాగా చిన్నవాడు. "మేడమ్, పుస్తకం తెరిచి, కళ్లు మూసుకుని, ఒక్కసారి డీప్‌గా స్మెల్ చేయండి. షాట్ అదిరిపోతుంది" అన్నాడు. అదొక యువకవి తొలి సంపుటి. ప్రెస్ నుంచి అప్పుడే వచ్చిందేమో, జిగురు కంపు కొడుతోంది. వాసన చూశాను. తుమ్మొచ్చింది. లోపలి కవితల గురించి నేను మాట్లాడిందంతా తీసేసి, ఆ తుమ్మును మాత్రం ప్రోమోలో వేశారు. జూబ్లీ హిల్స్‌లోని ఆ ఛానల్‌లో నా చివరి ఏడాది అలా మొదలైంది.

అంతకుముందు ఒక దినపత్రికలో ఆదివారం సాహిత్య పేజీ చూసేదాన్ని. ఆ తర్వాత రేడియోలో పుస్తక పరిచయాలు చేశాను. ఛానల్ పెట్టిన కొత్తలో, వారానికి అరగంట పుస్తకాలకూ కళలకూ ఇస్తామని పిలిస్తే వెళ్లాను. మాది ఇక్కడే, వెంగళరావు నగర్. ఇంట్లో మేం మాట్లాడేది తెలంగాణ మాట. చేరిన మొదటి రోజునే వాయిస్ నేర్పే ఆయన నన్ను కూర్చోబెట్టి, "'వచ్చిండు' అనకండమ్మా, 'వచ్చాడు' అనాలి. 'ఏంది' వద్దు, 'ఏంటి' అనండి" అని దిద్దాడు. దిద్దుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఈ కొత్త హెడ్ వచ్చి, "మేడమ్, మధ్యమధ్యలో కొంచెం స్లాంగ్ వేయండి, ఇప్పుడదే ట్రెండ్" అన్నాడు. మా అమ్మ మాట వీళ్లకు పులుసు మీద చల్లే కొత్తిమీర అయింది.

మొదటి ఏళ్లు మాత్రం బాగా గడిచాయి. తోలుబొమ్మలాడించే దంపతులను స్టూడియోకి పిలిపించి, దీపం వెలుగులోనే చిత్రీకరించాం. ఊరూరా తిరిగి బుర్రకథ చెప్పే ముసలామె నా పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడితే, ఒక్క మాట కూడా కత్తిరించకుండా రెండు వారాలు వేశాం. అప్పుడు పైన కూర్చున్నవాళ్లు కూడా పుస్తకాలు చదివేవాళ్లే. వాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. మా అరగంటకి కొత్త పేరు పెట్టారు, కొత్త సోఫా వేశారు. ఇక మీదట రచయితలు అక్కర్లేదన్నారు. సినిమావాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల అల్మరాల్లో ఏ పుస్తకాలున్నాయో చూపించాలి. అదే కార్యక్రమం.

మొదట ఒప్పుకున్న హీరో ఇల్లు ఫిల్మ్ నగర్‌లో గుట్ట మీద ఉంది. షూటింగ్ ముందురోజు చూసి రావడానికి వెళ్లాం. హాల్లో గోడ పొడవునా అద్దాల అల్మరా, లోపల లైట్లు. అందులో షీల్డులు, వెండి వినాయకుడు, సెంటు సీసాలు, పెట్టెలోంచి తియ్యని ఒక బూట్ల జత ఉన్నాయి. పుస్తకం ఒక్కటి లేదు. నేను నవ్వి, "సరే, పోదాం పదండి" అన్నాను.

హెడ్ నవ్వలేదు. "మేడమ్, మీ ఇంటి నిండా పుస్తకాలే కదా. ఒక్క పూటకి ఇవ్వండి. షాట్ అవ్వగానే పంపించేస్తాం" అన్నాడు.

ఇవ్వనన్నాను. "అయితే కోఠీలో పాత పుస్తకాలు కిలోల లెక్కన తెప్పిస్తాం, ఏది దొరికితే అది" అన్నాడు. ఎలాగూ చూపిస్తారు కదా, చూసేవాళ్లకి నాలుగు మంచి పేర్లైనా కనబడతాయని నాకు అనిపించింది. మర్నాడు ఛానల్ కారు మా ఇంటికి వచ్చింది. డ్రైవర్ అట్టపెట్టెలు మోసుకుపోతూ, "మేడం, గా హీరో ఇంట్ల గింత జాగున్నది గానీ బుక్కులు లెవ్వా?" అని అడిగాడు. నేను ఇంకో పెట్టె చూపించాను.

పుస్తకాలను రంగును బట్టి సర్దారు. ఎర్ర అట్టలు ఒక వరస, తెల్లవి ఒక వరస. హీరో చేతిలో ఏది పెట్టాలనే ప్రశ్న వచ్చినప్పుడు, కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయి ఒక నీలం అట్ట పుస్తకం తీసి, సోఫా రంగుకి సరిగ్గా కలిసిందని చెప్పింది. అది మాస్టారి కథల సంపుటి. హీరో దాన్ని గుండెలకి ఆనించుకుని, రాసిచ్చిన మాట చూసుకుని, "ఈ కథలు నా జీవితాన్నే మార్చేశాయండీ" అన్నాడు. గొంతు బాగుంది. ఒక్క టేక్‌లో అయిపోయింది.

నేను హెడ్‌ని పక్కకి పిలిచి, "ఆయన ఈ పుస్తకం చదవలేదు" అన్నాను.

"చదివాడని మనం అనడం లేదు కదా మేడమ్. మార్చిందన్నాడు, అంతే" అన్నాడు.

మాస్టారంటే మోతీనగర్‌లో ఉండే ఒక కథా రచయిత. కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి, ఇక్కడి కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. రాసింది తక్కువ. రైల్వే క్వార్టర్లలో పెరిగారు కాబట్టి గేట్లు, సిగ్నళ్లు, ఆగని స్టేషన్ల మనుషులు ఆయన కథల్లో ఉంటారు. ఉన్న ఒక్క సంపుటినీ తనే అచ్చు వేయించుకున్నారు. నా సాహిత్య పేజీలో ఆయన కథలు వేసినప్పటి నుంచీ నన్ను "అమ్మాయ్" అనే పిలుస్తారు.

కార్యక్రమం వచ్చిన ఆదివారమే ఆయన నుంచి ఫోను. మాట తడబడుతోంది. "చూశావా అమ్మాయ్! ఆ హీరో చేతిలో మన పుస్తకం! జీవితం మారిపోయిందన్నాడు! మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది."

ఫోన్లో చెప్పడం ఇష్టం లేక మర్నాడు పొద్దున్నే మోతీనగర్ వెళ్లాను. మాస్టారి భార్య, అమ్మగారు, కాఫీ ఇచ్చారు. మాస్టారు కొత్త చొక్కా వేసుకుని ఉన్నారు. ఆ మధ్యనే కంటిశుక్లం ఆపరేషన్ అయింది, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అల్మరా ఖాళీ అన్నాను, పుస్తకం నాదన్నాను, సోఫా రంగు సంగతి కూడా దాచలేదు.

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. తర్వాత, "నీ పుస్తకమే కావచ్చు. అంతకుముందే అతను ఎక్కడైనా చదివి ఉండకూడదా?" అన్నారు.

"మాస్టారూ, ఆయన పేజీ కూడా తిప్పలేదు."

"ఎన్నేళ్లుగా రాస్తున్నాను నేను! ఒక పెద్దవాడు నా కథల్ని మెచ్చుకుంటే నీకెందుకు నమ్మబుద్ధి కావడం లేదు? మీ పత్రికలవాళ్లు పొగిడితేనే పొగడ్తా?"

"ఏంటండీ ఆ మాటలు" అని అమ్మగారు మందలించారు. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. మెట్లు దిగుతుంటే నాకు కోపం ఆయన మీద రాలేదు. అంత ఆకలితో ఉన్న మనిషి ముందు అట్టముక్కతో చేసిన లడ్డూ పెట్టినవాళ్ల మీద వచ్చింది.

మాస్టారు ఊరుకోలేదు. ఛానల్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ హీరోకి కృతజ్ఞత చెప్పుకోవాలని అడిగారు. హెడ్‌కి పండగైపోయింది. "రైటర్‌నీ హీరోనీ కలుపుదాం మేడమ్, ఎమోషన్ పండుద్ది" అన్నాడు. వద్దన్నాను. పెద్దాయన్ని నవ్వులపాలు చెయ్యొద్దన్నాను. "ఆయనే అడిగారు కదా" అన్నాడు. అది నిజమే. మాస్టారిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ ఛానల్ పంపిన కారులో వెళ్లాను. దారంతా ఆయన ఇస్త్రీ పంచె నలగకుండా పట్టుకుని కూర్చున్నారు. నాతో ముభావంగానే ఉన్నారు.

హీరో ఇంట్లో లైట్లు వేసి సిద్ధంగా ఉన్నారు. ముందు నల్ల కళ్లద్దాలు తీయమన్నారు. "డాక్టర్ తీయొద్దన్నారండీ" అన్నారు మాస్టారు. "రెండే నిమిషాలు సార్, కళ్లు కనబడకపోతే ఫీల్ రాదు" అంటూ హెడ్ తనే చెయ్యి పెట్టి తీసేశాడు. హీరో వచ్చి కాళ్లకి దండం పెట్టాడు. మాస్టారు భుజం పట్టి లేపి, ఆప్యాయంగా అడిగారు. "ఏ కథ నచ్చింది బాబూ?"

హీరో నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్లు మాత్రం హెడ్ వైపు తిరిగాయి. "సార్, ఆ క్వశ్చన్ వద్దు సార్, డైరెక్ట్‌గా హగ్ చేసుకోండి" అని వెనక నుంచి హెడ్ అరిచాడు. మాస్టారు కదల్లేదు, జవాబు కోసం నిలబడ్డారు.

అప్పుడు హీరో చెయ్యెత్తి కెమెరా ఆపించాడు. అందరినీ వెనక్కి వెళ్లమని, మాస్టారిని సోఫాలో కూర్చోబెట్టి, తను కింద తివాచీ మీద కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను, అన్నీ వినబడ్డాయి.

"అబద్ధం ఎందుకండీ. నాకు తెలుగు చదవడం రాదు. చిన్నప్పుడే బోర్డింగ్ స్కూల్లో వేశారు. డైలాగులు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తారు. సారీ అండీ."

మాస్టారి ముఖం వాడిపోయింది. కాసేపు తన మోకాళ్లు చూసుకున్నారు. తర్వాత, "వినడం వచ్చుగా?" అని అడిగారు.

"వచ్చండీ."

మాస్టారు తను తెచ్చుకున్న నీలం అట్ట పుస్తకం తీసి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. గేటు కాపలావాడి భార్య కథ అది. భర్త జ్వరంతో పడుంటే ఆమె గేటు దగ్గర నిలబడి, రోజూ ముఖం కూడా కనబడని ఇంజను డ్రైవర్‌కి పచ్చజెండా ఊపుతూ ఉంటుంది. ఒకరోజు ఆ డ్రైవర్ జెండాకి బదులుగా కూత వేస్తాడు. మాస్టారు కథ బాగా చదువుతారు. హీరో చేతిలో ఫోను మోగితే చూడకుండా పక్కన పెట్టాడు. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని విన్నాడు. ఆ కొద్దిసేపూ ఆ ఇంట్లో నాకు ఊపిరి ఆడింది.

రెండు పేజీలు అయ్యాయో లేదో హెడ్ వచ్చి నిలబడ్డాడు. "సార్, మీకు నెక్స్ట్ షూట్ ఉంది. హగ్ ఒక్కటి తీసేసుకుంటాం." హీరో లేచాడు. "మిగతాది తర్వాత వింటానండీ, ప్రామిస్" అన్నాడు. లైట్లు మళ్లీ వేశారు. అంత వెలుతురు సూటిగా పడేసరికి ఆపరేషన్ అయిన కన్ను ధారగా కారింది. మాస్టారు పంచె కొంగుతో తుడుచుకున్నారు. "ఎక్సలెంట్! తుడవకండి సార్, అలా వదిలేయండి" అన్నాడు హెడ్. నేను వెళ్లి కళ్లద్దాలు ఆయన చేతికిచ్చి, ఇక చాలన్నాను.

తిరుగు దారిలో మాస్టారు నా చెయ్యి తట్టారు. "నువ్వు చెప్పిందే నిజం అమ్మాయ్. ఆ రోజు నోరు జారాను. కానీ కుర్రాడు మంచివాడే. నిజం చెప్పాడు చూడు" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

వారం తిరక్కుండా ఆ భాగం వేశారు. మాస్టారు కథ చదవడం అందులో లేదు, తెలుగు చదవడం రాదని హీరో ఒప్పుకోవడం అసలే లేదు. మాస్టారి కన్ను తెర నిండా పెట్టి, ఆ నీళ్లు మెల్లగా జారేలా చేసి, కింద వయొలిన్ వేశారు. పైన పెద్ద అక్షరాలు: 'దిక్కులేని రచయితకు దేవుడైన హీరో!' ఆ వాక్యం ఎవరు రాశారో కూడా నాకు తెలుసు. ఒకప్పుడు నా దగ్గర శిక్షణకి వచ్చి, అనువాదాల గురించి చర్చించే పిల్లాడే. అంతకంటే రోత ఏమిటంటే, అదే హీరో దాన్ని తన సోషల్ మీడియా పేజీలో పెట్టుకుని, రెండు దండాల బొమ్మలు అతికించి, ఒక పెద్దాయన కన్నీళ్లు తుడవగలగడం తన అదృష్టమని రాశాడు. లేక రాసిపెట్టారు. తివాచీ మీద కూర్చుని సారీ చెప్పిన ఆ మనిషి ఎక్కడికి పోయాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాస్టారికి పెన్షన్ వస్తుంది. ఆ ఫ్లాటు సొంతం. ఎవరి ముందూ ఏనాడూ చెయ్యి చాచింది లేదు. మర్నాడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు బియ్యం బస్తా తెచ్చి గుమ్మంలో పెట్టి, ఆయన్ని పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, మంచి వృద్ధాశ్రమం చూశానన్నాడు. లిఫ్టులో పక్కింటావిడ అమ్మగారితో, "గింత కష్టంల ఉన్నరని మాకేం తెల్వదాయె అక్కా, ఒక్కసారి చెప్తే అయిపోవు గదా" అందట. అమ్మగారు బస్తాని వాచ్‌మన్‌కి ఇచ్చేసి తలుపు వేసుకున్నారు.

నేను వెళ్లేసరికి మాస్టారు పడకకుర్చీలో ఉన్నారు. "నేను ఏడవలేదని నీకు తెలుసు కదా" అన్నారు.

"తెలుసు మాస్టారూ."

"నువ్వైనా ఎక్కడో ఒకచోట రాయి. ఏడవలేదని రాయి చాలు."

అటునుంచి అటే ఛానల్‌కి వెళ్లాను. హెడ్ కేబిన్‌లో కేక్ కోసినట్టున్నారు, బల్ల మీద క్రీము అంటుకుని ఉంది. ఆ వీడియో తీసేయమన్నాను. ఆయనకి పెన్షన్ ఉందన్నాను. ఆపరేషన్ అయిన కన్ను లైట్లకి కారిందన్నాను, డాక్టర్ వద్దన్నా అద్దాలు తీసింది మీరేనన్నాను.

"అది మనకి తెలుసు మేడమ్. వ్యూయర్‌కి తెలీదు కదా" అన్నాడు. ఆ మాట వెక్కిరింపుగా అనలేదు. నాకు పని నేర్పిస్తున్నట్టు ఓపికగా అన్నాడు. "అయినా మాస్టారికి ఎంత పేరొచ్చిందో చూడండి. నెక్స్ట్ ఇంకో ఇద్దరు ముసలి రైటర్స్ ఉంటే చెప్పండి. కొంచెం హెల్త్ బాలేనివాళ్లయితే బెటర్."

మేకప్ రూమ్‌కి వెళ్లి వాష్ బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు రికార్డింగ్ ఉందని మేకప్ అమ్మాయి పౌడర్ పఫ్ పట్టుకుని, "కూర్చోండి మేడమ్, లేటవుతోంది" అంది. ఆ తీపి పౌడర్ వాసన ఇన్నేళ్లూ రోజూ పీల్చిందే. ఆ వేళ మాత్రం ముక్కు మూసుకోవాల్సొచ్చింది. ముఖం కడుక్కున్నాను. బ్యాగు తీసుకుని, జూబ్లీ హిల్స్ చెక్ పోస్ట్ దాకా నడిచి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. రాజీనామా మర్నాడు పంపాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

హీరోకి ఫోన్ చేస్తే మేనేజర్ ఎత్తాడు. "సార్ షూట్‌లో ఉన్నారండీ. వీడియో సార్‌కి చాలా నచ్చింది. మీ టీమ్ అందరికీ థ్యాంక్స్ చెప్పమన్నారు."

అప్పటికీ తిరిగి రాని నా పుస్తకాల కోసం మాత్రం గట్టిగా పట్టుబట్టాను. హీరో ఇంట్లో లేవన్నారు, ఛానల్‌లో లేవన్నారు. చివరికి మా పాత డ్రైవరే ఫోన్ చేసి, "మేడం, మీ బుక్కులు సీరియల్ స్టూడియోల ఉన్నయి, నేను గీ కండ్లతోటి చూసిన, జల్ది రాండ్రి" అన్నాడు. ఫిల్మ్ నగర్ లోపల ఒక ఇంటిని స్టూడియో చేశారు. అక్కడ లాయర్ ఇంటి సెట్టులో ఉన్నాయి నా పుస్తకాలు. అన్నీ ఒకే రంగులో కనబడాలని, వాటి వీపులకు గోధుమరంగు కాగితం ఫెవికాల్‌తో అంటించి, బంగారు గీతలు గీశారు. కొన్ని అరలో లోతుకి పట్టలేదని అట్టలు చింపేశారు. వరసకి దన్నుగా ఉండాలని రెండింటికి మేకు కొట్టారు. పుస్తకానికి మేకు! సెట్టు చూసుకునేవాడు, "కంటిన్యుటీ ఉందండీ, సీరియల్ అయ్యేదాకా కదపడానికి లేదు" అన్నాడు. నేను అతన్ని పక్కకి నెట్టి, చేతికందినవి అందినట్టు లాగి ఆటోలో వేసుకున్నాను. జీవితంలో ఒక మనిషిని నెట్టడం అదొక్కసారే. ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతులకి ఆ జిగురు పోయినట్టు అనిపించలేదు.

జరిగింది ఉన్నదున్నట్టు రాసి, నేను ఒకప్పుడు పనిచేసిన దినపత్రికకి పంపాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తున్నావిడ, "అక్కా, చదివి ఏడ్చాను. కానీ ఆ హీరో సినిమా ప్రకటనలు మాకొస్తున్నాయి, నన్ను వదిలెయ్" అంది. ఒక చిన్న పత్రిక వేసుకుంది. మాస్టారు పది కాపీలు కొని అపార్ట్‌మెంట్‌లో పంచారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ చదివి, పైకొచ్చి, "ఏంది సార్ ఇది, గంత సాయం చేసినాయన మీద గిట్ల రాపిస్తరా?" అని అడిగాడట. మాస్టారు ఆయనకి మంచినీళ్లిచ్చి పంపించేశారు. ఆ తర్వాత కిందికి వాకింగ్‌కి దిగడం మానేశారు.

ఇప్పుడు నేను ఇంట్లోనే వెనక గదిలో కూర్చుని పుస్తకాల గురించి రికార్డు చేసి నెట్‌లో పెడుతున్నాను. నా మాటలోనే మాట్లాడుతున్నాను. పక్కింటి కుక్కర్ విజిల్ వస్తే ఆగి, మళ్లీ మొదలుపెడతాను. వినేవాళ్లు కొద్దిమందే. మాస్టారు వచ్చి గేటు కాపలావాడి భార్య కథ మొత్తం చదివారు. మధ్యలో మంచినీళ్లు తాగారు, అది కూడా తీసేయలేదు. ఆయన నవ్వుతారు, మాట్లాడతారు గానీ, కొత్త కథ ఏమైనా రాస్తున్నారా అంటే మాట మార్చేస్తారు. దానికి మాత్రం నేను ఆ ఛానల్‌ని క్షమించలేను.

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆ ఛానల్ వార్షికోత్సవమట, సాహిత్యసేవకు నాకు సన్మానమట. శాలువా కప్పేది ఆ హీరోనే.

"రానమ్మా" అన్నాను.

"డేట్ ప్రాబ్లమా మేడమ్? కారు పంపిస్తామండీ."

"డేట్ కాదు. అసహ్యం."

"సారీ మేడమ్?"

"అసహ్యం అన్న. నాకు మీరంటే అసహ్యం పుడుతున్నది."

పాపం ఆ పిల్లకి ఇవేవీ తెలియవు, కొత్తగా చేరి ఉంటుంది. మర్యాదగానే అంది: "ఓకే మేడమ్. ఊళ్లో లేరని చెప్తానండీ." ఫోన్ పెట్టేసి, ఆ వారం రికార్డు చేయాల్సిన పుస్తకం తీసి ఆగిపోయిన పేజీ నుంచి చదువుకోవడం మొదలుపెట్టాను.